నూట పదిహేడో నంబరు బిళ్ళ

గనిలోకి నీళ్లు దిగిన ముప్పై ఒకటో ఏడు అది. మా ఊళ్లో పుట్టుకలైనా పెళ్లిళ్లయినా అలాగే లెక్కపెడతారు, నీళ్లకు ముందు ఇన్నేళ్లు, నీళ్ల తర్వాత ఇన్నేళ్లు అని. ఆ వానాకాలం మొదలయ్యేటప్పటికి మా ఇంట్లో ముగ్గురం, నేనూ, మావాడూ, కోడలూ. వానలు వెలిసేటప్పటికి ఇద్దరం.

మొదటి జల్లుకే అటక మీద రేకు కారింది. మావాడు నిచ్చెన వేసి తడిసిన సామానంతా దించాడు. అందులో నా ట్రంకుపెట్టె ఉంది. పెట్టెలో పాడైందని కంపెనీ పారేసిన గనిదీపం ఒకటి, నంబరు కొట్టిన నా ఇత్తడి బిళ్ళ ఒకటి. ఇరవై మూడేళ్లు గని దీపాల గదిలో పనిచేసినందుకు నాకు మిగిలినవి ఆ రెండే. గని మూసేసినప్పుడు కంపెనీవాళ్లు అందరి బిళ్ళలూ తీసుకుని కరిగించేశారు. నాది నేను జేబులో వేసుకున్నాను. నా జన్మకి అదొక్కటే దొంగతనం.

మావాడికి ఫోన్లు బాగుచేసే షాపు ఉండేది. జనం బాగుచేయించుకోవడం మానేసి కొత్తవి కొనుక్కోవడం మరిగాక షట్టరు దించేశాడు. చేతిలో పనితనం ఉంది, పని లేదు. అలాంటివాడు ఇంట్లో కూర్చుంటే గోడలు దగ్గరికి జరిగినట్టు ఉంటుంది. ఆ రోజు దీపాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇలాంటివి కొనేవాళ్లుంటారు నాన్నా, ఫోన్లో వేలం పెడతారు, పెట్టనా అన్నాడు. తల ఊపాను.

కోడలు దీపాన్ని నల్లగుడ్డ మీద పెట్టి ఫొటోలు తీసింది. ఐదో రోజుకి ఎక్కడివాడో, గని మొహం ఎన్నడూ చూడనివాడు, ఇంకొకడితో పోటీపడి కొనుక్కున్నాడు. షాపు మూసేశాక మావాడు ఈల వేయడం నేను ఆ రోజే విన్నాను.

అప్పటి నుంచి సాయంత్రాలు వాడు వచ్చి మెట్ల మీద నా పక్కన కూర్చునేవాడు. ఆ వేలంలో వేరేవాళ్లు అమ్మే గని సామాను చూపించి, ఇది నిజమైనదా దొంగదా చెప్పు నాన్నా అనేవాడు. అదొక ఆటయింది మాకు. ఒక దీపం చూపిస్తే, మసి గాజుకి బయట పట్టింది, మసి లోపల పట్టాలి గానీ బయటెలా పడుతుందిరా అన్నాను. ఇంకో దీపానికి పిడి మధ్యలో అరిగి ఉంది. నడుముకి తగిలించుకునే దీపానికి పిడి మధ్యలో ఎందుకు అరుగుతుంది? ఒక టోపీకి సొట్టలు కొలిచి పెట్టినట్టు సమానంగా ఉన్నాయి. పైకప్పు నుంచి రాళ్లు అంత మర్యాదగా రాలవు. ఇత్తడి సామాను ఏదో చూపిస్తే, ఎత్తుగా ఉన్నచోట నలుపూ పల్లంగా ఉన్నచోట మెరుపూ ఉంది. తిరగబడింది. చేతులు తగిలేది ఎత్తుకే, మెరవాల్సింది అదే.

"మామయ్యగారికి ఒక ఫోను కొనిస్తే దేశంలో సగం మంది దొంగలు వ్యాపారం మానుకుంటారు" అంది కోడలు.

మావాడు నవ్వలేదు. నేను చెప్పినవి ఒక్కొక్కటీ ఫోన్లో రాసుకుంటున్నాడు.

తర్వాత బిళ్ళల గురించి అడిగాడు. నేను మాట్లాడే మనిషిని కాదు. మా ఆవిడ బతికున్నప్పుడు అనేది, ఈయనతో కాపురం కంటే గోడగడియారంతో చేయడం నయం, అదైనా గంటకోసారి పలుకుతుంది అని. కానీ కొడుకు పక్కన కూర్చుని అడుగుతుంటే ఎక్కడో తుప్పుపట్టి బిగుసుకున్న మర ఒకటి వదులైంది. చెప్పాను.

గనిలోకి దిగే ప్రతివాడికీ నంబరు కొట్టిన బిళ్ళ ఒకటి ఉంటుంది. అది ఇంటికి పోదు, గేటు దాటదు. దీపాల గదిలో బోర్డు మీద మేకుకి వేలాడుతుంటుంది. మనిషి దిగేటప్పుడు దీపమూ బిళ్ళా నేనే చేతికిస్తాను. మేకు ఖాళీగా ఉందంటే మనిషి కింద ఉన్నట్టు. పైకి వచ్చాక రెండూ తిరిగిస్తాడు. నేను నంబరు పిలుస్తాను, వాడు "వచ్చా" అంటాడు, అప్పుడు బిళ్ళ మేకుకి వేస్తాను. మనిషి ఎదురుగా నిలబడి పళ్లికిలిస్తున్నా నేను పిలవాల్సిందే, వాడు పలకాల్సిందే. పలక్కపోతే "రాలేదు" అని నేను గట్టిగా అనాలి, అప్పుడు గుమాస్తా రాసుకుంటాడు. అదీ పద్ధతి.

నీళ్లు దిగిన రోజున ముప్పై తొమ్మిది మేకులు ఖాళీ. షిఫ్టు ముగిసే వేళకి నేను ముప్పై తొమ్మిది నంబర్లూ పిలిచాను. "రాలేదు" అనడం మాత్రం నా వల్ల కాలేదు. గుమాస్తా నా మొహం చూసి తనే రాసుకున్నాడు. ఇది ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. మావాడికి చెప్పాను.

"ఆ నంబర్లు గుర్తున్నాయా నాన్నా?" అన్నాడు.

గుర్తులేకపోవడమేమిటి. నా చదువు మూడో తరగతి. అక్షరాలు కూడబలుక్కుంటే గానీ రావు, అంకెలు మాత్రం పొమ్మన్నా పోవు. వరసగా చెప్పాను. నాలుగు, పదకొండు, ఇరవై ఆరు, ఇరవై ఏడు. ముప్పై తొమ్మిదీ చెప్పేశాను. తల తిప్పి చూస్తే మా ఇద్దరి మధ్య మెట్టు మీద వాడి ఫోను ఉంది. దాని మీద ఎర్రచుక్క ఒకటి వెలుగుతోంది.

"మర్చిపోకుండా" అన్నాడు వాడు.

టీ గ్లాసులతో వచ్చిన కోడలు, మామయ్యగారు ఇన్ని మాటలు మాట్లాడటం నా పెళ్లయ్యాక ఇదే మొదలు, అందుకే ఈ వాన వెలవడం లేదు అంది. ముగ్గురం నవ్వాం. అదే ఊపులో నా బిళ్ళ నా చేత పట్టించి ఫొటో తీసింది. నా కుడి బొటనవేలికి గోరు సగమే ఉంటుంది, దీపాల బల్ల కింద నలిగి పోయింది. ఆ వేలు సరిగ్గా నంబరు మీద పడింది. ఫర్వాలేదు, చెయ్యి బాగా వచ్చింది అంది.

మరుసటి వారం నుంచి పెరట్లో రేకుల గదిలోంచి సుత్తి దెబ్బ వినిపించేది. వాన చప్పుడులో కలిసిపోయేదే, కానీ ఆ దెబ్బ నాకు తెలుసు, గనిలో బిళ్ళల మీద అంకెలు కొట్టిందీ నేనే. ఇత్తడి మీద అంకె ఒక్క దెబ్బతో పడాలి. రెండోది వేస్తే అంకె జంటగా పడుతుంది. ఆ మాట వాడికి చెప్పింది నేనే. ఒక దెబ్బ, చాలాసేపు ఏమీ లేదు, మళ్లీ ఒక దెబ్బ. బట్టలుతికే తొట్టి దగ్గర గొంతులో గుచ్చుకునే పుల్లటి వాసన. బొగ్గుపొడీ తడి బూడిదా కలిపిన బక్కెటు ఒకటి, మూతపెట్టి. ఏంట్రా అంటే పాతసామాను శుభ్రం చేస్తున్నానన్నాడు. శుభ్రం చేస్తే నల్లబడతాయా అని నేను అడగలేదు. అడగకుండా ఉండటం నాకు బాగా చేతనైన పని.

కొనేవాళ్లలో ఒకడికి కోడలు సూది అని పేరు పెట్టింది. అంచు చూపించండి, వెనకవైపు చూపించండి, చిల్లు లోపల గీత అంత కొత్తగా మెరుస్తోందేం, బరువెంత, అని గుచ్చి గుచ్చి రాసేవాడట. వాడికి జవాబు రాసే ముందు మావాడు నా దగ్గరికి వచ్చేవాడు. చిల్లు ఏ వైపు అరుగుతుంది నాన్నా, పైనా కిందా? పైన, అన్నాను. మేకు మీద ఆనేది అదే కదా. మర్నాడు రేకుల గదిలో ఆకురాయి రాపిడి వినిపించింది. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలు. ఆ మెతుకు నేను పట్టి చూడలేదు. కొన్నాళ్లకి సూది రాయడం మానేశాడు. అనుమానం తీరిపోయిందని మావాడు సంబరపడ్డాడు. తీరినవాడైతే కొనేవాడు కదా అనిపించింది నాకు.

ఏటా వానాకాలంలో ఒకసారి గని మూతి దగ్గరికి వెళ్లి వస్తాను. ఊరికి ఎగువన కొండవాలులో ఉంటుంది. కంపెనీవాళ్లు దానికి అడ్డంగా సిమెంటు గోడ కట్టి చేతులు దులుపుకున్నారు. నీళ్లు తోడలేదు, మనుషుల్ని తియ్యలేదు. గని నిండా ఆ నీళ్లే. ఎండాకాలం పొడిగా ఉండే గోడ వానలు పడితే చెమర్చేది. ఆ ఏడు చెమట కాదు, అతుకుల్లోంచి నీళ్లు దారాల్లా దిగుతున్నాయి. చెయ్యి ఆనించాను. లోపల ఏదో పెద్ద జంతువు పడుకుని ఊపిరి తీస్తున్నట్టుంది. గోడకి దిగువన రెండు వరసల ఇళ్లు. రెండో వరసలో మాది.

వస్తూ వస్తూ గడ్డం గీయించుకుందామని కటింగు షాపులో కూర్చున్నాను. షాపాయన నురగ రాసి, కత్తి నా గొంతు మీద ఆనించి అప్పుడు అడిగాడు.

"అయితే దీపాలాయనా, గోడ తెరిచారన్నమాట."

ఎవరు తెరిచారన్నాను.

"నన్నడుగుతావేం? చూసి నిజమేనన్నది నువ్వు కదా."

కత్తి కింద కదలకుండా విన్నాను. ఊరందరికీ తెలిసింది నాకే తెలియలేదు. నీళ్లలో పోయినవాళ్ల బిళ్ళలు ఫోన్లో వేలానికి వస్తున్నాయి. కిందికి వెళ్లిన బిళ్ళ మనిషి లేకుండా పైకెలా వచ్చింది? కంపెనీవాళ్లు చాటుగా గోడ తీసి శవాలు ఎత్తేశారని కొందరంటున్నారు. కొండ అవతలి వైపు ఇంకో దారి ఉందని, కొంతమంది ఆ రోజే దాన్లోంచి బయటపడి ఎక్కడో బతికున్నారని మిగతావాళ్లు. మొదటి మాట నమ్మినవాళ్లకి కోపం, రెండోది నమ్మినవాళ్లకి ఆశ. రెండు రకాలవాళ్లూ గోడనే చూస్తున్నారు.

గీయడం అయ్యాక ఫోను నా మొహం ముందు పెట్టాడు. నల్లగుడ్డ మీద ఇత్తడి బిళ్ళ. పక్క ఫొటోలో ఒక ముసలి చెయ్యి, సగం గోరు బొటనవేలు. కింద రాసి ఉన్నది చదివి వినిపించాడు. దీపాల గదిలో పనిచేసిన చివరి మనిషి స్వయంగా చూసి నిజమని చెప్పినవి.

"ఆ వేలు ఊళ్లో ఎవరికి తెలీదు" అన్నాడు.

నేనేమీ అనలేదు. నేనేమీ అనకపోతే అవునన్నట్టే ఊళ్లో లెక్క.

ఇంటికి వచ్చి ఆ బిళ్ళలు ఎక్కడివని మావాణ్ణి అడిగాను. పాతసామాను కొనేవాడి దగ్గర ఒక సంచి దొరికిందన్నాడు, కంపెనీవాళ్లు అన్నీ కరిగించలేదేమో అన్నాడు. ఆ ముప్పై తొమ్మిదీ కంపెనీ చేతికే రాలేదు. ఏ సంచిలోనూ ఉండవు. అది నాకంటే బాగా తెలిసినవాడు భూమ్మీద లేడు. అయినా, సిగ్గు విడిచి చెబుతున్నాను, రెండు మూడు రోజులు నేనూ ఆశపడ్డాను. ఇంకో దారి ఉందేమో. నంబరు పిలిస్తే నాకు వినపడనంత దూరం నుంచి ఎవరైనా పలికారేమో. సుత్తి దెబ్బ విన్న చెవులే ఇవి. ఆశ పుట్టినప్పుడు చెవులు పనిచేయవు.

నూట పదిహేడో నంబరువాడు నన్ను బావా అని పిలిచేవాడు. చుట్టరికం ఏమీ లేదు, నోటి వరస. అందరూ "వచ్చా" అని ఊరుకుంటే వాడు "వచ్చా బావా, నీ మొహం చూడక తప్పదు కదా" అనేవాడు. వాడు పోయాక భార్య బట్టలు కుట్టి కూతుర్ని పెంచింది. కూతురూ ఇప్పుడు ఆ మిషను మీదే కుడుతుంది. ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళకి, ఒకే గొడుగు కింద తల్లీ కూతురూ మా ఇంటికి వచ్చారు.

కూతురి మొహం పీక్కుపోయి ఉంది. తల్లి మొహం మాత్రం ముప్పై ఒక్కేళ్లలో నేనెప్పుడూ చూడనంత తేటగా ఉంది.

"నాన్న గుర్తుగా అమ్మ దగ్గర ఒకటుంటుందని వేలంలో కొన్నాను మామయ్యా" అంది కూతురు. "అమ్మ దాన్ని కబురనుకుంటోంది."

"నువ్వు ఆగవే" అని ఆమె నా వైపు తిరిగింది. ఆయన చొక్కాలు మూడు దాచి ఉంచిందట. వాటిలో ఒకదానికి కుట్లు విప్పి, రెండు పక్కలా వెడల్పు చేసి మళ్లీ కుట్టిందట. "ముప్పై ఒక్కేళ్లంటే ఒళ్లు రాదా అన్నయ్యా? పాత కొలతకి ఎక్కడ పడుతుంది?"

కోడలు టీ అందిస్తున్నదల్లా ఆగిపోయింది.

రేపు పొద్దున అందరూ గోడ దగ్గరికి పోతున్నారని, పగలగొట్టే మిషను కూడా మాట్లాడారని కూతురు చెప్పింది. పెద్దలు ఒక్క మాట కోసమే ఆగారట. దీపాలాయన చూసి అవునంటే కొట్టేస్తారు.

ఆమె గుప్పిట విప్పి బిళ్ళని నా అరచేతిలో పెట్టింది.

నలుపు బాగా కుదిరింది. పల్లంలో నలుపు, ఎత్తులో మెరుపు. అంకెలు నేను కొట్టినట్టే ఉన్నాయి, ఏడు కాస్త ఎడమకి ఒరిగి. పై అంచున చిల్లు, పైకి అరిగి. అంతా నేను చెప్పినట్టే ఉంది. నా బొటనవేలు తన అలవాటు ప్రకారం కింది అంచుకి జారింది. అక్కడ నున్నగా ఉంది.

దిగేవాళ్ల బిళ్ళకి రెండు చిల్లులుంటాయి. పైది మేకుకి, కిందిది దీపానికి కట్టే తీగకి. ఇరవై మూడేళ్లు ఆ తీగలు బిగించింది ఈ వేలే. పైన పనిచేసే నాలాంటివాడికి దీపం ఉండదు, కాబట్టి ఒక్కటే చిల్లు. మావాడు చూసి చేసింది నా బిళ్ళని. రెండో చిల్లు సంగతి నేను వాడికి చెప్పలేదు. దాచి కాదు. మనిషి ఎలా ఉంటాడో చెప్పమంటే రెండు కళ్లుంటాయని ఎవరు చెబుతారు? మిగతా పాతవాళ్లు ఊరొదిలి ఎప్పుడో పోయారు, మిగిలిన ఒక్కడికీ తన పేరే గుర్తులేదు. ఆ నున్నటి అంచు తెలిసిన వేలు ఊరు మొత్తానికి ఒక్కటే.

మావాడు తలుపు దగ్గర నిలబడి ఫోను చూస్తున్నాడు. దాని తెర ఆరిపోయి ఉంది.

"ఏమంటావన్నయ్యా?"

"వెలుతురు చాలదమ్మా" అన్నాను. "పొద్దున అక్కడికే వచ్చి చూసి చెబుతా."

ఇన్నేళ్లు ఆగినదాన్ని ఒక్క పూట ఆగలేనా అని ఆమె బిళ్ళని మళ్లీ గుప్పిట్లో పెట్టుకుంది. గుమ్మం దాటుతూ కూతురు వెనక్కి తిరిగి నా వైపు చూసింది. వెలుతురు చాలకపోవడం ఏమిటో ఆ పిల్లకి అర్థమైందనుకుంటాను. కుట్టేవాళ్లకి వేళ్ల సంగతి తెలుసు.

భోజనం దగ్గర నా బిళ్ళ తీసి మావాడి కంచం పక్కన పెట్టాను.

"ఇది చూసే చేశావు కదూ."

వాడు బుకాయించలేదు. "నువ్వు చెప్పింది చెప్పినట్టే చేశా నాన్నా. ఒక్క మాట పొల్లుపోనివ్వలేదు." గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

"ఒకటి చెప్పలేదు. దిగేవాడికి రెండు చిల్లులు."

వాడు చెయ్యి తుడుచుకుని బిళ్ళని వెలుగు కిందికి జరిపాడు. కింది అంచుని వేలితో తడిమాడు. చాలాసేపు చూశాడు.

"ముందే చెప్పాల్సింది" అన్నాడు.

నేను వాడి మొహంలో ఇంకేదైనా వస్తుందేమోనని చూశాను. రాలేదు. కింది చిల్లు అంచుకి ఎంత దూరంలో పడాలో వాడి కళ్లు అప్పటికే కొలుస్తున్నాయి.

కోడలు పొయ్యి వైపు తిరిగి ఉంది. అలాగే ఉండి, నాతో సంచి దొరికిందన్నావు అంది. దొరకలేదన్నాడు వాడు. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినవాడు సామెతలోనే ఉంటాడనుకున్నా" అంది. "ఇన్నాళ్లూ వాడి పక్కన కూర్చుని ఫొటోలు తీశానన్నమాట."

అప్పుడు వాడు మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎవరికేం నష్టమన్నాడు. ముప్పై ఏళ్లు ఎవరూ తలుచుకోని మనుషులు, ఇవాళ ఎక్కడెక్కడివాళ్లో వాళ్ల నంబర్ల కోసం పోటీపడుతున్నారు, అది నా చేతుల మీదుగా జరిగింది, మర్చిపోవడం ఒప్పూ ఇది తప్పూనా అన్నాడు. వాడు అబద్ధమాడుతున్నట్టు లేదు. వాడి మాటలు వాడు నమ్ముతున్నాడు, నాకు భయం వేసింది అందుకే.

గోడ కొడతారురా, దిగువన రెండు వరసల ఇళ్లున్నాయి, గని నిండా నీళ్లున్నాయి అన్నాను.

"ఈ వానలో ఎవరూ రారు. వచ్చినా నిన్ను అవునని చెప్పమనడం లేదు నేను. కాదనకు, అంతే. ఊరికే ఉండు. నీకు కొత్త పనేం కాదు కదా నాన్నా."

నేను కంచం పక్కకి జరిపాను. లేస్తూ వాడు మళ్లీ అన్నాడు, ఈసారి మెల్లిగా, చిన్నప్పటి గొంతుతో. నువ్వు నోరు విప్పితే నేనీ ఊళ్లో ఉండలేను. అది బెదిరింపు కాదు. ఉన్నమాట.

పొద్దున లేచేటప్పటికి నా చెప్పుల పక్కన బిస్కెట్ల రేకుడబ్బా ఒకటి ఉంది. మూత తీశాను. ఇంకా అమ్ముడుపోని బిళ్ళలు. పద్నాలుగున్నాయి, నేను రేకుల గదంతా వెతికాను అంది కోడలు. గొడుగు పట్టుకుని బయట నిలబడి ఉంది. మావాడి గది తలుపు వేసి ఉంది. తట్టలేదు.

గోడ దగ్గర యాభై మంది దాకా చేరారు, గొడుగులు, ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుని. మిషను అప్పటికే వణుకుతూ పొగ వదులుతోంది. గోడ అతుకుల్లో నీటి దారాలు ఒక్క రోజులో వేలి లావయ్యాయి. అందరికంటే ముందు ఆమె నిలబడి ఉంది, ప్లాస్టిక్ కవర్లో చొక్కా పట్టుకుని. నేను మిషను నడిపేవాడి దగ్గరికి వెళ్లి ఆపమన్నాను. వాడు పెద్దల వైపు చూశాడు. ఆపాడు.

ఆమె గుప్పిట్లోంచి బిళ్ళ తీసుకున్నాను. జేబులోంచి నాది తీశాను. రెండూ పక్కపక్కన అరచేతిలో పెట్టి కూతురి ముందు చాచాను.

"ఇది నాదమ్మా. నేనెప్పుడూ కిందికి దిగలేదు. పైనుండేవాడికి ఒక్క చిల్లు, దిగేవాడికి రెండు. నీ చేతికొచ్చింది ఎప్పుడూ దిగలేదు. ఇవన్నీ మా ఇంట్లో తయారయ్యాయి. చేసింది మావాడు, ఎలా చేయాలో చెప్పింది నేను."

డబ్బా మూత తీసి మిషను మెట్టు మీద పెట్టాను. ఎవరో తిట్టారు. ఎవరో నా వైపు రాబోతే కోడలు అడ్డం నిలబడింది. కూతురు రెండు బిళ్ళలూ వేళ్లతో తడిమి, ఏమీ అనకుండా తల్లి చేతిలో పెట్టింది. ఆమె కింది అంచుని బొటనవేలితో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు రాసింది, కుట్టు ఎక్కడ తప్పిందో వెతుకుతున్నట్టు.

"మరి ఆయన?" అంది.

నేను గోడ వైపు తిరిగి, దీపాల గదిలో నిలబడ్డట్టు నిలబడ్డాను.

"నూట పదిహేడు" అని పిలిచాను.

పిలిచాక, మనిషి దీపం తీసి బల్ల మీద పెట్టేంతసేపు ఆగాలి. ఆగాను. గోడ మీంచి నీళ్లు జారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"రాలేదు" అన్నాను.

ఆమె తల ఊపింది. కవరు మడిచి చంకలో పెట్టుకుంది.

డబ్బా కోడలి చేతికిచ్చాను. నంబర్లకి నాకు బిళ్ళలు అక్కర్లేదు. గొంతు సవరించుకుని మొదటి నుంచి మొదలుపెట్టాను.

"నాలుగు" అన్నాను.